చేతి రోటరీ టూలు: కొనగోరు రైతులకు కొన్ని సూచనలు

వ్యవసాయదారునకు భూమియు, నీరును, పశువులును ఎంత ముఖ్యములో పనిముట్లును అంత ముఖ్యములు. పనికి తగిన పనిముట్టు చేతిలో నున్నయెడల సగము పని తీరినట్లే. తగనిది కొన్నయెడల ధనము వ్యర్థమగుటయేగాక, ఒక్కొక్కప్పుడు దేహమునకు గూడ హాని కలుగును. కావున విత్తనమును ఎంచుకొనునపుడు చూపు శ్రద్ధనే పనిముట్టును ఎంచుకొనునపుడును చూపవలెను.

ముత్తంగి, ఇస్నాపూరు, రుద్రారము మొదలగు మన గ్రామములలో ఒకే కుటుంబమున నొకరు పొలము చూచుకొనుటయు, మరియొకరు పటాన్‌చెరువు, పాశమైలారము పారిశ్రామికవాడలలో షిఫ్టు పనికి బోవుటయు సర్వసాధారణము. కర్మాగారమున యంత్రములకు అలవాటుపడిన చేయి ఇంటికడ ఆకురాయితో గంటసేపు రాచుటకు ఇష్టపడదు. అందుచేత గుప్పిటిలో నిముడు చిన్న విద్యుద్యంత్ర మొకటి ఇంటనుండిన బాగుగ నుండునను కోరిక మన సభ్యులలో పెరుగుచున్నది. అట్టి యంత్రములలో నేడు ఎక్కువగా పేరు వినబడుచున్నది రోటరీ టూలు. దీనిని కొందరు మినీ గ్రైండరనియు, కొందరు ఒక కంపెనీ పేరునుబట్టి డ్రెమెలనియు పిలుతురు. నూరు ముక్కల పెట్టెతో సహా, నూరు పనులకు ఒకే యంత్రమని దీనిని గూర్చి ప్రకటనలు చేయుచున్నారు. దీనిని మనము కొనవలెనా, కొన్నయెడల ఎట్టిది కొనవలెను అను రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇది యెట్టి పనిముట్టు

రోటరీ టూలనగా ఒక చిన్న మోటారు. దాని ముందుభాగమున కొల్లెట్టను చిన్న పట్టు ఉండును. పట్టులో సన్నని కాడగల మొనను బిగించి మోటారును నడిపినయెడల ఆ మొన అతివేగముగ తిరుగును. మొన ఉలివంటిదైనచో చెక్కును, రాయివంటిదైనచో అరగదీయును, పలుచని బిళ్ల యైనచో కోయును, గుడ్డదైనచో మెరుగు పెట్టును. యంత్రమొకటే, పని మాత్రము మొననుబట్టి మారును.

ఈ భావము మనకు క్రొత్తది గాదు. వడ్రంగి తన బరమాకు వింటిత్రాడు చుట్టి ముందుకు వెనుకకు లాగుచు రంధ్రము చేయుట మన పెద్దలందరు చూచినదే. స్వర్ణకారులు మోటారును కొక్కెమునకు వ్రేలాడదీసి, మెత్తగ వంగు గొట్టపు కాడను చేతబట్టుకొని నగలకు నగిషీ చేయుదురు. దంతవైద్యుని చేతిలోని యంత్రమును ఈ కుటుంబములోనిదే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున రెసీన్ పట్టణములో ఆల్బర్టు డ్రెమెల్ అనునతడు 1932లో నెలకొల్పిన కంపెనీ ఇట్టి యంత్రమును గృహస్థుల చేతికి తెచ్చినవానిలో ప్రసిద్ధమైనది. 1993లో ఆ కంపెనీ జర్మనీ దేశపు బాష్ కంపెనీలో చేరెను. నేడు అనేక కంపెనీలు ఇట్టివానిని చేయుచున్నవి.

వేగము వేరు, బలము వేరు

ఈ యంత్రమును గూర్చి మొట్టమొదట గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. ఇది వేగముచే పనిచేయునుగాని బలముచే గాదు. రాట్నపు కదురును గానుగను మనసున దలంచుకొనుడు. కదురు కంటికి కనబడనంత వేగముగ తిరుగును. కాని వ్రేలు తాకించిన నిలిచిపోవును. గానుగ మెల్లగ తిరుగును; కాని నువ్వులను పిప్పిచేసి నూనె దీయును. రోటరీ టూలు కదురు వంటిది.

లెక్క చెప్పినయెడల ఇది మరింత స్పష్టమగును. సాధారణమైన రోటరీ టూలు సుమారు 130 వాట్లది. నిమిషమునకు 30,000 చుట్లవరకు తిరుగును. ఇంటిలో వాడు డ్రిల్లు మిషను సుమారు 600 వాట్లది. నిమిషమునకు 2,800 చుట్ల ప్రాంతమున తిరుగును. ఈ రెంటి త్రిప్పుడు బలమును పోల్చి చూచినచో డ్రిల్లు మిషను బలము సుమారు 50 రెట్లగును. కావున రోటరీ టూలుతో మందపాటి ఇనుపపట్టెకు 10 మి.మీ. రంధ్రము చేయబూనినయెడల యంత్రము మూలుగును, వేడెక్కును, తుదకు కాలిపోవును. అది యంత్రము దోషము గాదు.

మరి ఇంత బలహీనమైన యంత్రము ఉక్కును ఎట్లు కోయుచున్నదని అడుగవచ్చును. 25 మి.మీ. బిళ్ల నిమిషమునకు 30,000 చుట్లు తిరుగునపుడు దాని అంచు సెకనుకు సుమారు 39 మీటర్ల వేగముతో, అనగా గంటకు 140 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. మన ముత్తంగి ప్రక్కనున్న ఔటర్ రింగు రోడ్డుపై వాహనములకు అనుమతింపబడిన గరిష్ఠవేగము 120 కిలోమీటర్లే. అంచుననున్న ప్రతి రాపిడి గింజయు ఆ వేగముతో వచ్చి రవంత రవంతగ లోహమును గోకివేయును. ఒక్కొక్క గీరుపాటు అల్పమే. కాని నిమిషములో అవి లక్షలు. కావున ఈ యంత్రమును నొక్కరాదు. మెల్లగ తాకించి, దాని వేగమునే పనిచేయనీయవలెను. చేయి నొక్కుచున్నదనిన అర్థము పనికి యంత్రమో, యంత్రమునకు మొనయో తగలేదని.

గోటి పనులు, గొడ్డలి పనులు

గోటితో పోవుదానికి గొడ్డలి యేలయని మనవారు చెప్పుదురు. పనిముట్లు కొనువారికి దీనిని మించిన సలహా లేదు. అయితే దానిని తిరుగవేసి గూడ చెప్పుకొనవలెను: గొడ్డలితో చేయవలసినదానిని గోటితో గీకరాదు.

రైతు ఇంట గోటి పనులు కొన్ని కలవు. తుప్పుపట్టి బిగిసిపోయిన నట్టును, ప్రక్కనున్న భాగము చెడకుండ చీల్చితీయుట. తల అరిగిన స్క్రూకు క్రొత్తగ గాడి చెక్కుట. హాక్సాతో కోసిన ఇనుపగొట్టము అంచునగల ముళ్లను తీసివేయుట. ఆకురాయి దూరని సందులలో లోపలివైపు అరగదీయుట. కొయ్య పనిముట్టుకు చిన్న గాడి తీయుట. పలక రాతికిగాని గోడ పింగాణీ బిళ్లకుగాని చిన్న రంధ్రము చేయుట మొదలగునవి ఇందులోనివి. గొలుసు రంపము పండ్లకు పదును పెట్టుటకు ఈ యంత్రము మిక్కిలి అనుకూలము. అందుకు గొలుసు పరిమాణమునుబట్టి 4.0, 4.8, 5.5 మి.మీ. రాళ్లు వేర్వేరుగ దొరకును. ఏది కావలెనో రంపముతో వచ్చిన పుస్తకమున చూచుకొనవలెను. మోటారు పంపులమీదను, స్టార్టరు పెట్టెలమీదను, స్ప్రేయర్లమీదను యజమాని పేరో సభ్యత్వపు సంఖ్యయో చెక్కుటయు దీనితో సులభము. దొంగిలింపబడిన వస్తువు దొరకినపుడు ఇది మనదని చూపుటకు చెక్కిన గురుతు రంగుతో వ్రాసిన గురుతుకంటె నమ్మకమైనది.

ఇక గొడ్డలి పనులు. కోణపు ఇనుమును, కడ్డీలను, నీటి గొట్టములను కోయుట; నాగటి కర్రును, రోటవేటరు బ్లేడులను, గొడ్డలిని సానపట్టుట; గేటుమీది తుప్పును గీకుట మొదలగునవి. వీనికి 100 మి.మీ. బిళ్లతో నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగు ఆంగిల్ గ్రైండరు తగినది. రంధ్రములకు డ్రిల్లు మిషను తగినది. పెద్ద కర్రును సాగగొట్టుటకు కమ్మరి కొలిమి తప్ప వేరుదారి లేదు.

ఈ రెంటికి నడుమ డై గ్రైండరను మూడవ యంత్రము కలదు. పారిశ్రామికవాడలలో అచ్చులను నునుపుచేయు పనివారికి ఇది సుపరిచితము. దీని పట్టు 6 మి.మీ.; వేగము నిమిషమునకు 25,000 నుండి 30,000 చుట్ల వరకు; బలము రోటరీ టూలుకంటె ఎక్కువ. వెల్డింగు అతుకులను నునుపుచేయు పని తరచుగా నున్నవారికి ఇదియే తగును. అయితే దీనిని రెండుచేతులతో బట్టవలెను. సన్నపని దీనితో కుదురదు.

ఇక్రిశాట్ నేర్పిన పాఠము

నూరు పనులకు ఒకే యంత్రమను మాట వినసొంపుగ నుండును. ఆ మాటను పరీక్షించుటకు మన కెంతో దూరము పోనక్కరలేదు. 1972లో మన పటాన్‌చెరువు వద్ద స్థాపింపబడిన అంతర్జాతీయ పరిశోధనసంస్థ ఇక్రిశాట్, నల్లరేగడి భూముల సేద్యముకొరకు ఎడ్లు లాగు చక్రముల పనిముట్టు నొకదానిని పరీక్షించి, ప్రచారము చేసెను. దాని పేరు ట్రాపికల్టరు. రెండు చక్రములపై నొక చట్రము. ఆ చట్రమునకు నాగలి తగిలించిన దున్నును, గొర్రు తగిలించిన విత్తును, బోదెలు తోలు పరికరము తగిలించిన బోదెలు తోలును, పెట్టె తగిలించిన బండియగును. పరిశోధనక్షేత్రమున ఇది చక్కగ పనిచేసెను.

అయినను ఇట్టి పనిముట్లు రైతుల పొలములలో నిలువలేదు. ఇండియాలోను, ఆఫ్రికాలోను, ఇతర దేశములలోను వీని చరిత్రను పాల్ స్టార్కీ అను పరిశోధకుడు 1988లో ఒక గ్రంథముగ ప్రకటించెను. వెల ఎక్కువ, బరువెక్కువ, చిన్న మళ్లలో త్రిప్పుట కష్టము, ఒక పనినుండి మరియొక పనికి మార్చుటకు బోల్టులు విప్పి బిగించు శ్రమ. వీనిని కొన్నవారిలో ననేకులు తుదకు వీనిని ఒట్టి బండిగ వాడుకొనిరి, లేదా మూల పడవైచిరి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చవుకైన పనిముట్టే రైతునకు ఎక్కువ అనుకూలముగ తోచెను.

పని చేయని యంత్రమగుటవలన గాక, రైతు నిత్యము చేయు పనికి సరిపడక ఆ యంత్రము ఓడిపోయెను. నూరు ముక్కల పెట్టెను చూచినపుడు ఈ సంగతి జ్ఞాపకము తెచ్చుకొనవలెను. ఆ నూరింటిలో అరువదియో డెబ్బదియో ఒకేరకపు చిన్నచిన్న గరుకు కాగితపు బిళ్లలును, పెళుసు బిళ్లలునై యుండుట సాధారణము. మనకు నిజముగ కావలసినవి అయిదారు మొనలే. అవి మంచివిగ నుండవలెను.

కొనునపుడు చూడవలసినవి

మొదటిది, వేగమును తగ్గించు సాధనము. కొన్ని యంత్రములకు ఒకటే వేగము; మరికొన్నిటికి 5,000 నుండి 35,000 చుట్లవరకు మార్చుకొనవచ్చును. ప్లాస్టికు గొట్టము ఎక్కువ వేగమున కరగి మొనకు అంటుకొనును; కొయ్య మాడును; ఉక్కు తీగల బ్రష్షును సాధారణముగ 15,000 చుట్లకు మించి త్రిప్పరాదు. కావున వేగమును మార్చ వీలులేని యంత్రమును కొనరాదు. క్రింది హద్దు ఎంత తక్కువయైన అంత మంచిది.

రెండవది, కొల్లెట్టు పరిమాణము. ఎక్కువ మొనలకు కాడ 3.2 మి.మీ. ఉండును. కొన్ని సన్న మొనలు 2.4 మి.మీ. కాడతో వచ్చును. మన బజారున సులభముగ దొరకు మొనలేవో ముందుగ విచారించి, వానిని పట్టగల యంత్రమును తీసికొనవలెను. 6 మి.మీ. కాడగల డై గ్రైండరు మొనలు ఇందులో దూరవు.

మూడవది, మొన వణకు. అంగడిలోనే సన్నని కాడనొకదానిని బిగించి, మెల్లని వేగమున నడిపి చూడవలెను. కాడ ఒకేచోట నిలిచియున్నట్లు కనబడిన మంచిది. మసకగ, లావుగ కనబడినచో పట్టు వంకరగ నున్నదని గ్రహించి విడిచిపెట్టవలెను. వణకు యంత్రముతో సన్నపని కాదు. మొనలును త్వరగ విరుగును.

నాల్గవది, విద్యుత్తు. ఇది మన ప్రాంతమున ముఖ్యముగ గమనింపదగినది. అమెరికాలో నున్న కుమారులో, మేనల్లుళ్లో ప్రేమతో యంత్రములు తెచ్చియిచ్చుట నేడు పరిపాటియైనది. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు. మనది 230 వోల్టులు. అచ్చటి తీగ యంత్రమును నేరుగ మన ప్లగ్గున బెట్టినయెడల క్షణములో మాడిపోవును. ప్లగ్గు ఆకారమును మార్చు చిన్న అడాప్టరు వోల్టులను మార్చదు. యంత్రముమీది చీటీని చదివి, అవసరమైనచో తగిన ట్రాన్స్‌ఫార్మరును వాడవలెను. బ్యాటరీ యంత్రమైనచో దాని ఛార్జరుమీద 100 నుండి 240 వోల్టులని యున్నదో లేదో చూడవలెను.

అయిదవది, తీగ యంత్రమా, బ్యాటరీ యంత్రమా అనునది. ఇంటికడను, కొట్టములోను పనిచేయువారికి తీగ యంత్రమే చవుక, నమ్మకము. పొలమున బావికడను, చెట్టుక్రిందను పనియున్నవారికి బ్యాటరీ యంత్రము తగును. కాని బ్యాటరీ కొన్ని సంవత్సరములకు శక్తి తగ్గును. అప్పటికి అదే రకపు బ్యాటరీ దొరకునో లేదో కొనకముందే అడుగవలెను. ఏటికి రెండుసార్లు వాడువారికి బ్యాటరీ దండుగ.

ఆరవది, మరమ్మతు. తీగ యంత్రములు చాలవానిలో కార్బను బ్రష్షులనునవి అరిగిపోవుచుండును. అవి బయటినుండియే విప్పి మార్చుకొనునట్లున్నవా, విడిగ దొరకునా అని విచారింపవలెను. పేరెరుగని యంత్రమును కొనినయెడల పది రూపాయల భాగము లేక మొత్తము యంత్రము పారవేయవలసివచ్చును. సికిందరాబాదు రాణీగంజు వంటి పనిముట్ల బజారునకు మనము దగ్గరగ నున్నాము. ఒకపూట వెచ్చించి చేతబట్టి చూచి, రసీదుతో కొనుట మంచిది.

మొనలు

వస్తువునుబట్టి మొన. కొయ్యకును, ప్లాస్టికునకును హైస్పీడు ఉక్కు మొనలు చాలును. ఉక్కును కోరుటకు టంగ్‌స్టన్ కార్బైడు మొన కావలెను. ఇది వెలగలది గాని చిరకాలము మన్నును. ఉక్కును అరగదీయుటకు అల్యూమినియం ఆక్సైడు రాయి. రాతికిని, గాజునకును ఆకుపచ్చని సిలికాను కార్బైడు రాయి. పింగాణీ బిళ్లలకు వజ్రపుపొడి అద్దిన మొన, నీటి చుక్కలతో. అల్యూమినియమును రాతితో అరగదీసినయెడల ఆ మెత్తని లోహము రాతి రంధ్రములను పూడ్చివేయును; దానికి కార్బైడు మొనయే తగును.

కోతబిళ్లలలో ఒట్టి పెళుసువి, గాజునార నేసి బలపరచినవి అని రెండు రకములు కలవు. రెండవ రకమునే కొనుడు. ఏ బిళ్లనైనను నిలువుగ పెట్టి కోయవలెనుగాని ప్రక్కకు వంచరాదు. ప్రతి బిళ్లమీదను గరిష్ఠవేగ మెంతయో వ్రాసియుండును. యంత్రపు వేగము దానిని మించరాదు. ఆ వ్రాతయే లేని బిళ్లను కొనరాదు.

పదును పెట్టునపుడు మరియొక జాగ్రత్త అవసరము. చిన్న రాయి ఒకేచోట నిలిచినయెడల కత్తి అంచు క్షణములో వేడెక్కును. ఉక్కు పసుపువన్నె దాటి నీలివన్నెకు వచ్చినదన్న ఆ వేడి సుమారు 300 డిగ్రీలు. అచ్చట ఉక్కు గట్టిదనము పోవును. అట్టి అంచు ఎంత సానబట్టినను నిలువదు. కావున మధ్యమధ్య నీట ముంచుచు, రాతిని కదుపుచు పనిచేయవలెను.

కన్ను, ఊపిరి, నిప్పు

యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. కన్ను పోయిన రాదు. విరిగిన బిళ్లముక్క, ఊడిన ఉక్కుతీగ ఏ దిక్కునకు ఎగురునో ఎవరును చెప్పలేరు. ప్రక్కలగూడ మూయు కంటి అద్దములను ధరింపక ఈ యంత్రమును ఒక్క నిమిషమైనను నడుపరాదు. చదువుకొను కళ్లజోడు దానికి బదులుగాదు. కొత్త బిళ్లను బిగించిన పిమ్మట, ముఖమునకు దూరముగ బట్టి ఒక నిమిషము ఊరక త్రిప్పి చూచి, ఆ తరువాతనే పనికి పెట్టవలెను. చిన్న వస్తువును చేతబట్టుకొని పనిచేయరాదు, వైసులో బిగింపవలెను. మెడనున్న తువ్వాలును, వ్రేలాడు పైటకొంగును, విప్పారిన జుట్టును దూరముగ నుంచవలెను. నూలు చేతితొడుగులు తిరుగు మొనకు చుట్టుకొని వ్రేళ్లను లోనికి లాగును, వానిని వాడరాదు.

దుమ్ము గూడ శత్రువే. రాయి, సిమెంటు, పింగాణీ బిళ్లల దుమ్మున సిలికా యుండును. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిసను మానని వ్యాధిని కలిగించును. నీటితో తడిపి కోయుటయు, మంచి ముఖపు మాస్కును ధరించుటయు విధి. పాతయిండ్లమీది ఆస్‌బెస్టాసు సిమెంటు రేకులను ఏ యంత్రముతోను కోయనే కూడదు. ఆ నార క్యాన్సరుకు కారణమని నిర్ధారణమైనది. పాత రంగును యంత్రముతో గీకుటయు మంచిది గాదు. ఇండ్లకు వాడు రంగులలో సీసమును 90 పి.పి.ఎం.కు పరిమితముచేయు నిబంధన మనదేశమున 2017 నవంబరునుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అంతకుముందు పూసిన రంగులో సీసముండవచ్చును. దాని పొడి పసిపిల్లలకు విషము.

ఇనుమును కోయునపుడు నిప్పురవ్వలు ఎగురును. గడ్డివాము ప్రక్కను, ప్రత్తి నిలువయున్న కొట్టములోను, పెట్రోలు డబ్బాల దగ్గరను ఈ పని చేయరాదు. ఖాళీయైన పెట్రోలు పీపాను కోయుట అన్నిటికంటె అపాయకరము. ద్రవము లేకున్నను లోపలి ఆవిరి అంటుకొని పేలును. పురుగుమందు డబ్బాలను గూడ కోయరాదు. తడినేలపై నిలిచి తీగ యంత్రమును నడుపరాదు. ఇంటి కరెంటు బోర్డునందు 30 మిల్లీ ఆంపియర్లకు విడివడు రక్షకమును, అనగా ఆర్.సి.సి.బి.ని, అమర్చుకొనిన ప్రాణరక్షణ యగును.

సంఘము చేయదగిన పని

ఇంతవరకు ఒక్కొక్కరు కొనుటను గూర్చి చెప్పితిమి. ఇక సహకారసంఘ సభ్యులుగ ఆలోచింతము. ఉదాహరణకు, మొనలతో గూడ 6,000 రూపాయలకు ఒక యంత్రము వచ్చుననుకొందము. ఒక కుటుంబమునకు ఏటికి పదిగంటల పని యుండి, యంత్రము అయిదేండ్లు మన్నినయెడల పని మొత్తము 50 గంటలు. గంటకు 120 రూపాయలు పడినట్లు. పదునైదు కుటుంబములు కలిసి అదే యంత్రమును వాడుకొన్నయెడల ఏటికి 150 గంటల పని. అది రెండేండ్లే మన్నినను 300 గంటలు. గంటకు 20 రూపాయలు మాత్రమే. పైగా ఆ ధనముతో మంచి యంత్రమునే కొనవచ్చును.

1904లో మనదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినపుడు దాని ముఖ్యోద్దేశము అప్పు. కాని ఒంటరిగ భరింపలేని భారమును పదిమంది పంచుకొనుటయను మూలసూత్రము పనిముట్లకును వర్తించును. 2014–15 నుండి కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యాంత్రీకరణ పథకముక్రింద ట్రాక్టర్లు, రోటవేటర్ల వంటి పెద్ద యంత్రములకు అద్దె కేంద్రములు ఏర్పడుచున్నవి. అదే పద్ధతిని చిన్నపనిముట్లకు మన సంఘమే నడుపుకొనవచ్చును. ఒక ఆంగిల్ గ్రైండరు, ఒక డ్రిల్లు మిషను, ఒక రోటరీ టూలు, ఒక వైసు ఉన్నచో గోటి పనికిని గొడ్డలి పనికిని లోటుండదు.

నియమములు నాలుగు చాలును. కంటి అద్దములను యంత్రముతో గలిపి ఒకే పెట్టెలో ఉంచి, అద్దములు లేక యంత్రము ఇయ్యకుండుట మొదటిది. అరుగు మొనలను ఎవరివి వారే కొనుక్కొనుట రెండవది. ఇచ్చినపుడును పుచ్చుకొన్నపుడును తీగను, స్విచ్చును, కొల్లెట్టును చూచి పుస్తకమున వ్రాయుట మూడవది. నడుపుట నేర్చుకొనని వారికిని, పిల్లలకును ఇయ్యకుండుట నాల్గవది. నేర్పుటకు దూరమునుండి గురువును తేనక్కరలేదు. పారిశ్రామికవాడలో పనిచేయు మన యువకులే నేర్పగలరు. వారి నైపుణ్యము గ్రామమునకు ఉపయోగపడుటకు ఇదియొక మంచి మార్గము.

కొనకముందు చేయవలసినది

ఈ వ్యాసమును చదివి వెంటనే బజారునకు పోవలదు. ఒక చిన్న పుస్తకమును కొట్టపు గోడకు వ్రేలాడదీయుడు. ఈ పంటకాలము ముగియువరకు ఇంట, పొలమున వచ్చిన ప్రతి మరమ్మతుపనిని, దానిని దేనితో చేసితిరో, ఎంతసేపు పట్టినదో అందులో వ్రాయుడు. పంట ఇల్లు చేరినపిమ్మట లెక్కచూడుడు. గొడ్డలి పనులు ఎక్కువగ నున్నచో ఆంగిల్ గ్రైండరును, డ్రిల్లు మిషనును ముందుగ కొనుడు. గోటి పనులు తరచుగ నున్నచో వేగమును మార్చుకొనదగిన, 3.2 మి.మీ. పట్టుగల, బ్రష్షులు విడిగ దొరకు రోటరీ టూలును, అయిదారు మంచి మొనలను, అన్నిటికంటె ముందు కంటి అద్దములను కొనుడు. రెండును కొద్దిగనే యున్నచో ఆ పుస్తకమును సంఘపు సమావేశమునకు తీసికొనిరండు. పదిమంది పుస్తకములు ఒకచోట చేరినయెడల సంఘము దేనిని కొనవలెనో ఆ లెక్కలే చెప్పును.